సీసం సెన్సర్ బఫర్‌లో సరిగ్గానే చూపిస్తోంది, కుళాయి నీళ్ళలో మాత్రం బాగా తక్కువ చూపిస్తోంది. తేడా ఎక్కడ?

నీటిపరీక్ష:

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. తాగునీళ్ళలో భార లోహాలను చేతిలో పట్టే సెన్సర్‌తో కొలవడం నా ప్రాజెక్టు. ప్రస్తుతానికి సీసం ఒక్కటే చూస్తున్నాను.

సెటప్ ఇది. కార్బన్ ఇంకుతో ముద్రించిన స్ట్రిప్, దాని మీదే వెండి, సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ (వోల్టేజీని పోల్చి చూసే ఎలక్ట్రోడ్). బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసే చిన్న పొటెన్షియోస్టాట్ (స్ట్రిప్ మీద వోల్టేజీ పెట్టి కరెంటు కొలిచే పరికరం). పీహెచ్ 4.5 అసిటేట్ బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం), అందులోనే కొద్దిగా బిస్మత్. కలియబెడుతూ మైనస్ 1.2 వోల్టుల దగ్గర రెండు నిమిషాలు డిపాజిషన్ (ఎలక్ట్రోడ్ మీద లోహాన్ని పోగేయడం), ఆ తర్వాత స్క్వేర్ వేవ్ స్కాన్ (వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలవడం).

బఫర్‌లో 5 నుంచి 50 పీపీబీ (లీటరుకు మైక్రోగ్రాములు) దాకా సీసం కలిపి చూస్తే గ్రాఫ్ తిన్నటి గీతలా వచ్చింది. ఒక్కో పీపీబీకి 0.25 మైక్రోయాంపియర్. పీక్ (గ్రాఫ్‌లో సీసం చూపే శిఖరం) మైనస్ 0.62 వోల్టుల దగ్గర వస్తోంది. ఇక్కడిదాకా అంతా బాగుంది.

తర్వాత ఒక పాత భవనంలోని కుళాయి నీళ్ళు తెచ్చాను. 9 మి.లీ. నీళ్ళకు 1 మి.లీ. గాఢమైన బఫర్ కలిపి స్కాన్ చేస్తే పీక్ 0.75 మైక్రోయాంపియర్లే వచ్చింది. కలిపిన బఫర్‌ని లెక్కలోకి తీసుకుంటే 3.3 పీపీబీ. అదే సీసాను ల్యాబ్‌లో లోహాలు కొలిచే పెద్ద యంత్రం ఐసీపీ-ఎంఎస్‌కి పంపితే 13 అని రిపోర్టు. పైగా పీక్ మైనస్ 0.56కి జరిగింది. బిస్మత్ పీక్ భుజాన ఇంకో చిన్న ఎత్తు కూడా కనిపిస్తోంది. నీళ్ళు ప్లాస్టిక్ సీసాలో పట్టాను, అందులో ఏమీ కలపలేదు.

ఆ భవనంలో చంటిపిల్లలున్న కుటుంబాలు ఉన్నాయి. మా నీళ్ళు మంచివేనా అని అడుగుతున్నారు. వాళ్ళకు 3 అని చెప్పాలా, 13 అని చెప్పాలా తెలియక టెన్షన్‌గా ఉంది. సెన్సరే పనికిరాదా, లేక నా పద్ధతిలో ఏదైనా తప్పుతోందా? ఒక ఫ్రెండ్ అయితే ఇదంతా ఎందుకు, టీడీఎస్ మీటర్ పెడితే సరిపోతుంది కదా అంటున్నాడు.

కుతూహలం:

బఫర్ కలిపిన తర్వాత పీహెచ్ మళ్ళీ చూశారా? కుళాయి నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువుంటే పీహెచ్ పైకి పోతుంది. బిస్మత్ కూడా సరిగా పట్టదు. ముందు అది చూడండి. మిగతాది తెలిసినవాళ్ళు చెబుతారు, నేనూ వినాలని ఉంది. మా ఇంట్లో కూడా టీడీఎస్ మీటరే వాడుతున్నాం మరి.

పాతవోల్టు:

ముందు ఆ కుటుంబాల సంగతి. 13 అనే చెప్పండి, ఈరోజే చెప్పండి.

సీసానికి డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన తాత్కాలిక మార్గదర్శక విలువ లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే 10 పీపీబీ. అంతవరకు తాగితే ఏమీ కాదని తేల్చి పెట్టిన అంకె కాదది. ఆచరణలో ఎంతవరకు తగ్గించగలం, ఎంతవరకు కొలవగలం అన్నది చూసుకుని పెట్టింది. హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ తెలియదని అదే డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. మెదడు ఎదిగే వయసులో పడే దెబ్బ తర్వాత సరిదిద్దుకునేది కాదు. కాబట్టి రెండు అంకెలు చేతిలో ఉన్నప్పుడు పిల్లలున్న ఇంటికి పెద్ద అంకె చెప్పాలి.

నీళ్ళు కాచుకుంటే పోతుందిలే అని ఎవరైనా అంటే వెంటనే ఆపండి. కాచితే నీరు ఆవిరైపోతుంది, సీసం ఎక్కడికీ పోదు, ఇంకాస్త చిక్కబడుతుంది. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్ళు తాగడానికీ వంటకీ పాలపొడి కలపడానికీ పట్టుకోవద్దనండి. కాసేపు వదిలేశాక వచ్చే చన్నీళ్ళే పట్టుకోమనండి. వేడినీళ్ళ కుళాయి నీళ్ళు అసలే వద్దు. ఇది తాత్కాలికమే. సీసం ఎక్కడి నుంచి దిగుతోందో, పాత గొట్టమా, టంకమా, ఇత్తడి ఫిట్టింగా అన్నది తేలేదాకా ఈ జాగ్రత్త.

ఇక మీ కొలత. ఇందులో రెండు వేర్వేరు తగ్గుదలలు కలిసిపోయాయి. విడదీసి చూస్తే తప్ప అర్థం కావు.

డిపాజిషన్ సమయంలో ఏం జరుగుతోందో గుర్తు చేసుకోండి. నీళ్ళలో స్వేచ్ఛగా తిరిగే సీసం అయాన్ ఎలక్ట్రోడ్ దగ్గరకొచ్చి రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని లోహంగా మారి, బిస్మత్ పొరలో కలిసిపోతుంది. ఇల్లంతా ఊడ్చి చెత్త ఒక మూలకు చేర్చి, ఒక్కసారిగా చేటలోకి ఎత్తినట్టు, రెండు నిమిషాలు పోగేసిన సీసాన్ని స్కాన్‌లో కొద్ది సెకన్లలో బయటికి తోస్తాం. అందుకే ఇంత చిన్న పరికరం పీపీబీలు చూడగలుగుతోంది. కానీ పోగయ్యేది ఎలక్ట్రోడ్‌దాకా రాగలిగినది మాత్రమే. కార్బొనేట్‌తో కలిసి రేణువుగా ఉన్న సీసం, తుప్పు పొడికి అంటుకున్న సీసం, ఆకులు కుళ్ళగా వచ్చిన హ్యూమిక్ పదార్థాలు గట్టిగా పట్టుకున్న సీసం అక్కడిదాకా రావు. వచ్చినా విడిపోవు. ఐసీపీలో అలా కాదు. నీటి తుంపర వేల డిగ్రీల ప్లాస్మాలోకి పోతుంది. అక్కడ రేణువైనా కాంప్లెక్సైనా పరమాణువులుగా చిందరవందర కావాల్సిందే. అంటే మీ స్ట్రిప్ చూసింది విడిగా ఉన్న సీసాన్ని, వాళ్ళ యంత్రం చూసింది మొత్తం సీసాన్ని. తాగేవాడి కడుపులో ఆమ్లం ఉంటుంది కాబట్టి మనకు కావలసింది మొత్తమే.

పైగా మీరు ఏమీ కలపకుండా ప్లాస్టిక్ సీసాలో ఉంచారు. తటస్థ పీహెచ్‌లో సీసం సీసా గోడకు అంటుకుంటుంది. మీరు పైనుంచి కొంత నీరు తీసి కొలిచారు. ల్యాబ్ వాళ్ళు ఆ సీసాలోనే ఆమ్లం పోసి, గోడకు అంటుకున్నదాన్ని కూడా దింపి కొలిచి ఉంటారు. మీరూ అలాగే చేయండి. ఉన్న సీసాలోనే అతి శుద్ధమైన నైట్రిక్ ఆమ్లం పీహెచ్ 2 కంటే తగ్గేదాకా కలిపి, కనీసం 16 గంటలు వదిలేయండి. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) పద్ధతుల్లో కూడా ఇంతసేపే ఉంచమంటారు. మామూలు గ్రేడు ఆమ్లం వాడితే అందులోని సీసమే మీ లెక్క చెడగొడుతుంది. కొత్త నీళ్ళు పడితే, ముందు 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి శుద్ధమైన నీళ్ళతో కడిగిన సీసాలో పట్టండి. మసకగా ఉన్న నీళ్ళకు ఈ ఆమ్లం చాలదు, డైజెషన్ (ఆమ్లంతో వేడిచేసి రేణువులను కరిగించడం) చేయాల్సిందే.

ఆమ్లం కలిపిన నీటికి బఫర్ వేశాక పీహెచ్ మళ్ళీ చూడాలి. కుతూహలం గారు చెప్పింది నిజమే, కానీ ఇప్పుడు ప్రమాదం రెండో వైపు నుంచి. ఆమ్లం ఎక్కువైతే మీ 1 మి.లీ. బఫర్ తట్టుకోలేదు. 4 కంటే కిందికి జారితే ఇంకొంచెం సోడియం అసిటేట్ వేసి 4.5కి తెండి.

ఇది మొదటి తగ్గుదల. రెండోది ఇంతకంటే ముఖ్యం, చాలామంది దాటేసేదీ ఇదే. మీరు బఫర్‌లో గీసిన గీతతో కుళాయి నీళ్ళను కొలిచారు. పీపీబీకి 0.25 మైక్రోయాంపియర్ అన్నది ఆ శుభ్రమైన బఫర్‌కే సొంతం. కుళాయి నీళ్ళలో రాగి ఉంటుంది, సేంద్రియ పదార్థం ఉంటుంది, సబ్బు అవశేషం ఉండొచ్చు. ఇవన్నీ ఎలక్ట్రోడ్ మీద చోటు ఆక్రమిస్తాయి. సీసం అంతే ఉన్నా పీక్ చిన్నదవుతుంది. మీరు చెప్పిన బిస్మత్ భుజం మీది ఎత్తు నా అనుభవంలో రాగే. రాగి, బిస్మత్ దాదాపు ఒకే పొటెన్షియల్ దగ్గర పోటీపడి పేరుకుంటాయి. రాగి గొట్టాలున్న భవనమైతే నీళ్ళలో రాగి సీసం కంటే ఎన్నో రెట్లు ఎక్కువుంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ రాగికి లీటరుకు 2 మిల్లీగ్రాములదాకా ఒప్పుకుంటుంది, అంటే సీసం విలువకు 200 రెట్లు. తాగడానికి ఏ ఇబ్బందీ లేని రాగి మీ స్ట్రిప్‌ని మాత్రం ఇబ్బంది పెడుతుంది.

దీనికి మందు స్టాండర్డ్ అడిషన్. కొలిచిన ఆ నీళ్ళలోనే, అదే స్ట్రిప్ మీద, తెలిసినంత సీసం కలిపి పీక్ ఎంత పెరిగిందో చూడండి. మీ 10 మి.లీ.లో లీటరుకు 1 మిల్లీగ్రామ్ స్టాండర్డ్ 100 మైక్రోలీటర్లు వేస్తే 10 పీపీబీ పెరుగుతుంది. బఫర్ గీత ప్రకారమైతే పీక్ 2.5 మైక్రోయాంపియర్లు పెరగాలి. అంత పెరిగిందా, మ్యాట్రిక్స్ ఇబ్బంది, అంటే నీళ్ళలోని మిగతా పదార్థాల అడ్డు లేదు. సగమో పావో పెరిగిందా, మీ పాత గీత ఆ నీళ్ళకు చెల్లదు. అప్పుడు కొత్త వాలుతోనే లెక్క కట్టండి. ఇంకో 10 కలిపి మూడు బిందువులు తెచ్చుకుంటే గీత తిన్నగా ఉందో లేదో కూడా తెలుస్తుంది. ఒక్క బిందువుతో ఆగిపోవద్దు.

పీక్ జరగడం గురించి భయపడకండి. స్ట్రిప్ మీది రిఫరెన్స్ నిజమైన రిఫరెన్స్ కాదు, వెండి పూత నేరుగా మీ నీళ్ళనే తాకుతోంది. నీళ్ళలో క్లోరైడ్ ఎంతుంటే దాని పొటెన్షియల్ అలా మారుతుంది. 25 డిగ్రీల దగ్గర క్లోరైడ్ పది రెట్లయితే 59 మిల్లీవోల్టులు. మీ పీక్ జరిగిన 60 మిల్లీవోల్టులు అంతకే సరిపోయాయి. మీ బఫర్‌లో క్లోరైడ్ దాదాపు లేదు, కుళాయి నీళ్ళలో ఉంది. అందుకే పీక్ కుడివైపుకు, అంటే సున్నావైపుకు జరిగింది. బఫర్‌లోనూ శాంపుల్‌లోనూ ఒకే మోతాదులో కొద్దిగా పొటాషియం క్లోరైడ్ వేస్తే నిలకడగా ఉంటుంది. ఫోన్ యాప్ పీక్‌ని ఒక నిర్ణీత కిటికీలోనే వెతుకుతుంటే మాత్రం ఆ కిటికీ వెడల్పు చేయండి. లేకపోతే ఉప్పు నీళ్ళలో పీక్ కిటికీ దాటి, తెర మీద "సీసం లేదు" అని వస్తుంది. కళ్ళెదుట పీక్ ఉండగా అలా చూపించిన యాప్‌లు చూశాను. గ్రాఫ్ చూడకుండా అంకె మాత్రమే చూసేవాళ్ళకు ఇది చాలా ప్రమాదం.

మైనస్ 1.2 కూడా అక్కర్లేదు. సీసం ఒక్కదానికైతే మైనస్ 1.0 చాలు. ఎక్కువ నెగటివ్‌కి పోతే హైడ్రోజన్ బుడగలు పుడతాయి. కంటికి కనీకనిపించని బుడగ ఒకటి ఎలక్ట్రోడ్ అంచున అంటుకుంటే చాలు, ఆ మేరకు చోటు పోతుంది, ఆ స్కాన్‌కి పీక్ చిన్నదవుతుంది. స్కాన్‌కి ముందు స్ట్రిప్‌ని వెలుతురులో ఏటవాలుగా చూడండి. నిగనిగలాడే కార్బన్ మీద బూడిదరంగు పొర సమంగా పరుచుకుని ఉండాలి. మధ్యలో నల్లటి గుండ్రని మచ్చలు కనిపిస్తే అక్కడ బుడగలు కూర్చున్నాయని అర్థం. ఆ రీడింగు వదిలేయండి.

టీడీఎస్ మీటర్ విషయం: అది నీళ్ళలో విద్యుత్ ఎంత పారుతోందో చూసి కరిగిన లవణాలను అంచనా వేస్తుంది. దాని తెర మీద మారే అతి చిన్న అంకె లీటరుకు 1 మిల్లీగ్రామ్, అంటే 1000 మైక్రోగ్రాములు. సీసం విలువ 10. నీళ్ళలో సీసం పది రెట్లు పెరిగినా ఆ మీటర్‌లో ఒక్క అంకె కూడా కదలదు. కుతూహలం గారూ, మీ మీటర్ ఉప్పదనానికి పనికొస్తుంది. సీసానికి దాన్ని నమ్ముకోవద్దు, దయచేసి.

ల్యాబ్‌కోటు:

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో ఐసీపీ-ఎంఎస్ మీద పనిచేస్తాను. పాతవోల్టు గారు చెప్పిన రసాయనశాస్త్రంలో ఒక్క మాట కాదనను. కానీ ఒకటి అడగాలి. ఆమ్లం పోసి 16 గంటలు ఆగి, మూడుసార్లు స్టాండర్డ్ కలిపి, పీహెచ్ సరిచేసి కొలవాల్సి వస్తే ఇక అది పోర్టబుల్ ఎలా అవుతుంది? ఈ పనంతా చేయకుండా స్ట్రిప్ మీద చుక్క వేసి 3 చూసుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళే ఎక్కువ. "0.1 పీపీబీదాకా చూస్తుంది" అని పెట్టెల మీద రాస్తున్నారు. ఆ అంకె శుద్ధమైన బఫర్‌లో తీసుకున్నది, నాయిస్‌కి మూడింతలను వాలుతో భాగించి వచ్చినది. దాన్ని కుళాయి నీళ్ళకు అతికించడం సరికాదు. ఇలాంటి పరికరం తప్పుడు ధైర్యం ఇస్తుందని నా బాధ. పిల్లలున్న చోట నేరుగా ల్యాబ్‌కే పంపించమంటాను.

పాతవోల్టు:

మీ బాధ సరైనదే. ఆ 0.1 గురించి మీరన్నది నేనూ అందరికీ చెబుతుంటాను. పరికరం కొనేవాళ్ళు "మా నీళ్ళలాంటి నీళ్ళలో, స్పైక్ చేస్తే రికవరీ ఎంత" అని, అంటే తెలిసినంత సీసం కలిపితే అందులో ఎంత శాతం చూపిస్తుందని అడగాలి. 80 నుంచి 120 శాతం మధ్య వస్తే మాట్లాడుకోవచ్చు.

కానీ అన్నీ ల్యాబ్‌కే అంటే ఒప్పుకోలేను. కుళాయి నీళ్ళలో సీసం ఒక్క అంకె కాదు. తెల్లవారి మొదటి లీటరులో ఒకటి, అయిదు నిమిషాలు వదిలాక ఒకటి, పక్క ఫ్లాట్‌లో ఇంకొకటి. గొట్టం నుంచి ఒక రేణువు ఊడిపడితే ఆ గంటలో ఒకటి. ఒక్క సీసా మీ యంత్రంలో ఎంత కచ్చితంగా కొలిచినా అది ఆ ఒక్క సీసా సంగతే చెబుతుంది. భవనంలో ఏ కుళాయి, ఏ అంతస్తు, ఏ గొట్టం అన్నది తేలాలంటే బోలెడన్ని కొలతలు కావాలి, అక్కడికక్కడే కావాలి. ఆ పని చేతిలో పట్టే పరికరమే చేయగలదు. నీళ్ళు ఆరు గంటలు నిలిచాక మొదటి లీటరు ఒకటి, వదిలేశాక ఒకటి, రెండూ కొలిస్తే తేడాయే చెబుతుంది. మొదటిదాంట్లో ఎక్కువుండి రెండోదాంట్లో తగ్గితే సీసం కుళాయి దగ్గరి ఫిట్టింగుల నుంచి వస్తోంది. రెండూ ఎక్కువుంటే ఇంకా లోపలి గొట్టాన్ని అనుమానించాలి. ఈ పోలికకు అంకె కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు, ఒకే పద్ధతిలో కొలిస్తే చాలు.

16 గంటల మాట. ఎక్కువ చూపిస్తే నమ్మడానికి అంత ఆగక్కర్లేదు. స్టాండర్డ్ కలిపి సరిచూసుకున్నాక ఆమ్లం కలపని నీళ్ళలోనే 12 వచ్చిందనుకోండి, మొత్తం అంతకంటే తగ్గదు, వెంటనే కదలొచ్చు. తక్కువ చూపిస్తేనే ఆగాలి. తక్కువ వచ్చిందని ఎవరికీ "సురక్షితం" అని రాసివ్వకూడదు. 5 దాటిందంటే నేనైతే ల్యాబ్‌కి పంపుతాను. 5 లోపు వచ్చినా కొన్ని శాంపుళ్ళు ఎంచుకుని పంపి సరిచూసుకుంటాను.

ఈ పద్ధతికి అధికారిక గుర్తింపు లేదనుకోకండి. స్ట్రిప్ మీద యానోడిక్ స్ట్రిప్పింగ్ (లోహాన్ని పోగేసి బయటికి తోసే ఈ పద్ధతి పేరే అది)‌తో తాగునీళ్ళలో సీసం కొలిచే పద్ధతి ఈపీఏ మెథడ్ 1001గా ఉంది. దీని మూలం హెయ్‌రోవ్‌స్కీ 1922లో పాదరసపు చుక్కతో మొదలుపెట్టిన పోలరోగ్రఫీ (వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి). ఆయనకు 1959లో నోబెల్ వచ్చింది. స్ట్రిప్పింగ్‌కి కూడా చాలాకాలం పాదరసమే వాడారు. దాన్ని సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరగడం ఎవరికీ మంచిది కాదు. 2000లో జోసెఫ్ వాంగ్ బృందం పాదరసం బదులు బిస్మత్ పొర పనికొస్తుందని చూపించాకే ఈ చిన్న పరికరాలకు దారి పడింది. అంత కష్టపడి ల్యాబ్ గోడ దాటించిన పద్ధతి ఇది. దాన్ని సరిగ్గా వాడటం నేర్పించాలి గానీ పక్కన పెట్టేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ల్యాబ్‌కోటు:

ఎక్కువ వస్తే నమ్మండి, తక్కువ వస్తే సరిచూడండి అన్నది నాకు నచ్చింది. ఇలా వాడితే నాకు అభ్యంతరం లేదు. నీటిపరీక్ష గారూ, ల్యాబ్‌కి పంపేటప్పుడు మొదటి లీటరా, వదిలేశాక పట్టిందా అన్నది సీసా మీద తప్పక రాయండి. మాకు వచ్చే సీసాల్లో చాలావాటి మీద అది ఉండదు. రిపోర్టులో అంకె ఇస్తాం గానీ దాని అర్థం ఎవరూ చెప్పలేరు.

నీటిపరీక్ష:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆ కుటుంబాలకు 13 అని అదే రోజు చెప్పాను, నీళ్ళు వదిలి పట్టుకోమన్నాను. మొదట కంగారుపడ్డారు గానీ, ఏం చేయాలో తెలిశాక కుదుటపడ్డారు. భవనం బాధ్యులు ప్లంబర్‌ని పిలిపిస్తామన్నారు.

పాతవోల్టు గారు చెప్పినట్టే మిగిలిన నీళ్ళున్న సీసాలో ఆమ్లం కలిపి మర్నాటిదాకా ఉంచాను. పీహెచ్ నిజంగానే 3.8కి పడిపోయింది, అసిటేట్ వేసి 4.5కి తెచ్చాను. పీక్ 0.75 నుంచి 1.1కి పెరిగింది. తర్వాత 10 పీపీబీ కలిపితే 2.0, ఇంకో 10 కలిపితే 3.1. వాలు పీపీబీకి 0.1 మాత్రమే, బఫర్‌లో వచ్చినదాంట్లో సగం కూడా లేదు! మూడు బిందువుల గుండా గీత గీసి వెనక్కి పొడిగిస్తే 10.7, బఫర్ కలిపినందుకు సరిచేస్తే 11.9. ల్యాబ్ 13కి ఇంత దగ్గరగా వస్తుందని అనుకోలేదు. పొటాషియం క్లోరైడ్ వేశాక పీక్ కూడా ఒకేచోట నిలబడింది.

రాగి వల్ల పోయిన వాలును వెనక్కి తెచ్చే దారి ఏదైనా ఉందా? ఇంత చిన్న వాలుతో 2, 3 పీపీబీలు చూడటం కష్టంగా ఉంది.

పాతవోల్టు:

చాలా బాగా చేశారు. మీ అంకెలే చూడండి. విడిగా లేని సీసం వల్ల పోయింది దాదాపు మూడోవంతు, వాలు తగ్గడం వల్ల పోయింది అంతకంటే ఎక్కువ. ఒక్క ఆమ్లంతో సరిపెట్టుకుని పాత గీతే వాడి ఉంటే 5 దగ్గర ఆగిపోయేవారు, అన్నీ సరిచేశాననే నమ్మకంతో ఆగిపోయేవారు. థీసిస్‌లో ఈ రెండు భాగాలను విడివిడిగా చూపించండి.

రాగికి మొదట బిస్మత్ మోతాదు పెంచి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. చాలకపోతే అతి కొద్దిగా పొటాషియం ఫెర్రోసైనైడ్. అది రాగిని పట్టి ఉంచుతుంది, సీసం జోలికి పెద్దగా రాదు. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: బఫర్ వేసి పీహెచ్ 4.5 అయ్యాకే కలపాలి. నైట్రిక్ ఆమ్లం ఉన్న సీసాలో ఎప్పుడూ వేయకండి. కొలత అయ్యాక ఆ ద్రావణాన్ని ఆమ్ల వ్యర్థాల డబ్బాలో కూడా పోయకండి. బలమైన ఆమ్లంలో హైడ్రోజన్ సైనైడ్ వచ్చే ప్రమాదం ఉంది. వేరే డబ్బా పెట్టి పేరు రాసి పెట్టండి. ఏది కలిపినా దాని బ్లాంక్ (శాంపుల్ లేకుండా శుద్ధమైన నీళ్ళలో అవే కలిపినది) కూడా కొలవండి, రీఏజెంట్‌తోపాటే సీసం రావచ్చు.

ఊటబావి:

ఇంతసేపు చదివాను, చాలా ఉపయోగపడింది. మాకు భూగర్భజలంలో ఆర్సెనిక్ సమస్య. ఇదే బిస్మత్ స్ట్రిప్‌తో ఆర్సెనిక్ కూడా చూడొచ్చా?

పాతవోల్టు:

బిస్మత్‌తో కుదరదండీ. ఆర్సెనిక్‌కి బంగారం ఎలక్ట్రోడ్ కావాలి, బాగా ఆమ్లంగా ఉన్న ద్రావణంలో. పాదరసం కొలవడానికీ బంగారమే. అయితే పాదరసం బంగారంలో కలిసిపోయి తర్వాతి కొలతల్లో కూడా కనిపిస్తుంటుంది, కాబట్టి ఆ రెండిటికీ ఒకే ఎలక్ట్రోడ్ వాడకండి.

ఆర్సెనిక్‌తో అసలు చిక్కు దాని రెండు రూపాలు. ఆర్సెనిక్ త్రీ తేలిగ్గా పేరుకుంటుంది. ఆర్సెనిక్ ఫైవ్ మామూలు పరిస్థితుల్లో ఎలక్ట్రోడ్‌కి కనిపించనే కనిపించదు, ముందు రసాయనంతో త్రీగా మార్చుకోవాలి. నీళ్ళు గాలి తగిలి నిలవున్నకొద్దీ త్రీ కాస్తా ఫైవ్ అవుతుంటుంది. ఇనుము ఎక్కువున్న నీళ్ళయితే ఎర్రటి మడ్డి అడుగుకు దిగి ఆర్సెనిక్‌ని కూడా తనతో లాక్కుపోతుంది. పైనున్న తేట నీరు కొలిస్తే తక్కువ వస్తుంది. కాబట్టి పట్టిన వెంటనే అక్కడే ఆమ్లం కలపండి, మడ్డి పేరుకునే సమయం ఇవ్వకండి. మొత్తం ఆర్సెనిక్ కావాలంటే రిడక్షన్ చేసి, అంటే ఫైవ్‌ని త్రీగా మార్చి కొలవాలి. త్రీ మాత్రమే కొలిచి దాన్నే మొత్తం అనుకోవద్దు. విలువ ఇక్కడ కూడా 10 పీపీబీయే. రాగి పీక్ బంగారం మీద ఆర్సెనిక్ పక్కనే వస్తుంది, స్టాండర్డ్ అడిషన్ ఇక్కడా తప్పదు. డిపాజిషన్ మరీ నెగటివ్‌కి తీసుకెళ్ళకండి. ఆమ్లంలో ఆర్సీన్ వాయువు పుడుతుంది, అది విషం. గాలి బాగా ఆడే చోట, వీలైతే ఫ్యూమ్ హుడ్‌లో చేయండి.

మీ నీళ్ళలో ఇనుము ఎంతుందో, ఇప్పటిదాకా ఏ పద్ధతిలో కొలిచారో రాస్తే రిడక్షన్‌కి ఏది వాడాలో చెబుతాను.